తోంబిలి ముందు పరిచిన తెల్లగుడ్డ

లోపలికి రా తల్లీ, ఆ మెట్టు దగ్గర పాచి పట్టింది, చూసి అడుగెయ్యి. ఇలా చాప మీద కూర్చో. నేను మునగాకు దూస్తూనే మాట్లాడతాను, చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట సాగదు. ఏంటీ? ఇటు పక్కకి వచ్చి చెప్పు, ఆ చెవి ఎప్పుడో పోయింది. ఆఁ, మా అన్నయ్య గురించా. తోంబిలి గురించి. బళ్ళో పిల్లలకి మన తోలాకి వాళ్ళ పెద్దరికం పాఠంగా చెప్పమన్నారా? ఎవరూ, పై ఆఫీసు వాళ్ళా? బాగుంది. పెద్దరికానికి పాఠమూ, దానికో పరీక్షా. లేదులే, నిన్ను వెక్కిరించట్లేదు. నిన్ను పంపించినవాళ్ళు ఎవరింటికి పంపిస్తున్నారో చూసుకోలేదు, అదీ నా బాధ. ఇంకెవరైనా వచ్చి అడిగితే, మా అన్నయ్య మంచివాడమ్మా, ఆచారం తెలిసినవాడు, ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో కూర్చుని ఆపేవాడు అని నాలుగు ముక్కలు చెప్పి, కాస్త టీ ఇచ్చి పంపేసేదాన్ని. నువ్వు జుమ్రాన్ కూతురివి. నీకు సగం చెప్తే తప్పు. మీ నాన్నేమైనా చెప్పాడా ఎప్పుడైనా? చెప్పడు. ఎలా చెప్తాడు. సరే, ఆ దిండు వీపుకి పెట్టుకో, టైము పడుతుంది.

అన్నయ్యని చూస్తే ఎవరూ పెద్దమనిషి అనుకునేవాళ్ళు కాదు. సన్నగా, పొడుగ్గా, ఒక కన్ను కాస్త మెల్ల. పొలం పని చేతకాదు. మా వదిన బతికున్నన్నాళ్ళూ దాని గురించే పోరు పెట్టేది, "ఊరందరి తగవులూ తీరుస్తాడు, మా తోటలో పందులు పడితే తోలే దిక్కు లేదు" అని. ఆవిడ అరుస్తుంటే ఆయన మెట్ల మీద కూర్చుని, ఏటిలో ఏరుకొచ్చిన ఆల్చిప్పలు ఒక్కొక్కటే విప్పుకుని తింటూ, "నువ్వు చెప్పింది నిజమే, ఇంకా ఏముందో చెప్పు" అనేవాడు. వేళాకోళానికి కాదు. నిజంగానే వినేవాడు. ఆవిడకి ఆ వినడంతోనే సగం కోపం దిగిపోయేది, మిగతా సగం ఆయన మీద ఆల్చిప్పలు విసిరి తీర్చుకునేది. పిల్లలు లేరు వాళ్ళకి. వదిన పోయాక, అప్పటికే మా ఆయన కూడా పోయాడు కాబట్టి, నేను ఈ ఇంటికి వచ్చి ఆయనకి వండిపెడుతూ ఉండిపోయాను. అందుకే నాకు తెలుసు. ఆ గోడ వెనకాల సాగో చెట్టు బోదెలోంచి తీసిన పిండి కలుపుతూ అన్నీ విన్నాను. ఆడవాళ్ళు తగవు మధ్యలో కూర్చోకూడదు గానీ, గోడకి చెవులుంటే ఎవరేం చేస్తారు.

ఊళ్ళోవాళ్ళు వాళ్ళ పిల్లల్ని తెచ్చి ఆయన దగ్గర వదిలేవాళ్ళు. "వీణ్ణి కాస్త మనిషిని చెయ్యి, రేపు నలుగురిలో మాట్లాడాలి" అని. గొప్పింటి పిల్లలే వచ్చేవాళ్ళు ముందు, ఆ తరవాత అన్నయ్య అందర్నీ రానిచ్చాడు, దానికి ముసలాళ్ళు గొణిగారనుకో. ఇప్పుడు నీ పాఠంలో మొదటి పేజీ ఏముంటుందో నాకు తెలీదు గానీ, ఆయన దగ్గర మొదటి పని ఎంగిలి గిన్నెలు కడగడం. అవును. ఇంటికి తగవు పట్టుకుని వచ్చినవాళ్ళకి సినోంగ్గి, అదే మన సాగో పిండి ముద్ద, వడ్డించాలి, పులుసు పొయ్యాలి, వాళ్ళు తిన్నాక గిన్నెలు ఎత్తాలి. ఎత్తుతూ ఎవరెంత వదిలేశారో చూడాలి. "ఎవరు తినలేదో వాడికి లోపల ఇంకా మంట ఉంది, వాడితో ముందు మాట్లాడు" అనేవాడు. ఆ తరవాత, కూర్చోవడం. నవ్వకు, కూర్చోవడం నేర్పేవాడు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటివాడు తిడుతున్నా మొహం మారకుండా కూర్చోవాలి. దోమలు కుడుతున్నా తోలుకోకూడదు. కొంతమంది అక్కడే పారిపోయారు. అసలు కష్టమైంది ఇంకోటి. ఇద్దరు గేదె గురించో, తోట కంచె గురించో కొట్టుకుంటే, ఒక్కొక్కడి వాదనా విని, పిల్లవాడు దాన్ని తిరిగి చెప్పాలి. ఎలాగంటే, ఆ వాదన ఎవడిదో వాడే విని, "నేను కూడా ఇంత బాగా చెప్పలేకపోయాను" అనాలి. అలా రెండు వైపులవీ చెప్పాలి. అలా చెప్పలేకపోతే తీర్పు గురించి నోరెత్తకూడదు. నీకు నచ్చనివాడి మాట కూడా నీ నోట్లో బతికుండాలిరా అనేవాడు. మీ నాన్న దాంట్లో దిట్ట. చిన్నప్పుడే. నాకు గుర్తుంది, మా ఇంటెనకాల ముసలిది ఒకత్తి ఉండేది, నోరు మహా చెడ్డది, కోడి పోయిందని పక్కింటివాళ్ళ మీద పంచాయితీ తెచ్చింది. మీ నాన్న దాని గోడంతా విని తిరిగి చెప్పాడు, దాని గొంతుతో సహా. అది విని ముసలిది ఏడ్చేసింది, "నా కోడి కాదురా, నాకెవరూ లేరు, అదీ నా బాధ" అని. కోడి సంగతి అక్కడితో సరి. అన్నయ్య ఆ రోజు తన పళ్ళెంలో చేప ముక్క తీసి మీ నాన్న పళ్ళెంలో వేశాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

మీ నానమ్మ మా పెదనాన్న కూతురు కదా, ఆ లెక్కన మీ నాన్న ఆయన్ని మామా అనేవాడు, నన్ను పిన్నీ అనేవాడు. మిగతా పిల్లలు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. వాడు ఉండిపోయాడు. కలో పట్టుకోవడం వాడికొక్కడికే పూర్తిగా నేర్పాడు అన్నయ్య. నువ్వు చూసే ఉంటావు, ఆఫీసుల్లో గోడకి అద్దం పెట్టి తగిలిస్తున్నారు ఇప్పుడు. పేము తీగలు మూడు కలిపి పేని, గుండ్రంగా చుట్టి ముడేస్తారు. చూడ్డానికి ఏముందందులో, కుండ కింద పెట్టుకునే చుట్టకుదురులా ఉంటుంది. అల్లిన చాప ముక్క మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద అది పెట్టి, రెండు చేతులతో ఎదుటివాడి ముందుకి జరిపితే చాలు, వాడు రాజు కానీ, తాగుబోతు కానీ, చేతిలో ఉన్నది కింద పెట్టాల్సిందే. దాన్ని కాదన్నవాడు ఇక మనవాడు కాడు. వాడింటికి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. తీసుకెళ్ళేవాడు ఎలా నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నిసార్లు తల వంచాలి, గుడ్డ మడత ఏ వైపు నించి విప్పాలి, అన్నీ ఉన్నాయి దానికి. చాప కాస్త వంకరగా పడితే అన్నయ్య మళ్ళీ మెట్ల దగ్గర నించి మొదలెట్టించేవాడు. నాకే విసుగొచ్చేది, "ఇంత ఛాదస్తం ఏంటన్నయ్యా, పిల్లాడు సొమ్మసిల్లేలా ఉన్నాడు" అంటే, "కత్తి పట్టుకున్నవాడి ముందు వీడు తడబడితే ఛాదస్తం అనవు" అనేవాడు.

అన్నట్టే అయింది. తవూలో అని ఒకడుండేవాడు, ఏటి ఎగువన, దున్నలా ఉండేవాడు. వాడి కూతురు దిగువ ఊరి కుర్రాడితో లేచిపోయింది. అలాంటప్పుడు కుర్రాడి తరఫువాళ్ళు ఆలస్యం చెయ్యకుండా కలో పట్టుకెళ్ళి పిల్ల తండ్రి ముందు పెట్టాలి, కోపానికి కంచె వేసినట్టు. లేకపోతే తల తెగుతుంది, దానికి ఎవరూ తప్పు పట్టరు. కుర్రాడి తండ్రి పరిగెత్తుకుంటూ అన్నయ్య కోసం వచ్చాడు. అన్నయ్యేమో చలిజ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నాడు. దుప్పటి కప్పుకుని పళ్ళు కొట్టుకుంటూనే జుమ్రాన్ వైపు చూశాడు. మీ నాన్నకి అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు. నేను వద్దన్నాను. ఇద్దరూ నా మాట వినలేదు. అక్కడేం జరిగిందో వెంట వెళ్ళినవాళ్ళు వచ్చి చెప్పారు. తవూలో మెట్ల మీద నుంచున్నాడట, కత్తి నూరుకుని. వీడు వెళ్ళి కింద మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. గుడ్డ పరిచాడు, కలో పెట్టాడు, తల వంచాడు. తవూలో దిగొచ్చి, కత్తి మొన వీడి మెడ మీద పెట్టి, మొహాన ఉమ్మేశాడు. వీడు తుడుచుకోలేదు. అలా కారుతుండగానే, చెప్పాల్సిన మాటలు ఒక్కటి వదలకుండా, ఒక్కటి తొందరపడకుండా చెప్పాడట. ఆఖరున తవూలో కత్తి నేలకి గుచ్చి, మెట్ల మీద కూలబడి, పెద్దగా ఏడ్చాడట. పెళ్ళి జరిగింది, దున్నల్ని ఇచ్చారు, అందరూ గుండ్రంగా తిరుగుతూ లులో ఆట ఆడారు, ఆ కుర్రాడితో కలిసి తవూలో కూడా చేతులు పట్టుకుని ఆడాడు. మీ నాన్న తిరిగొచ్చి ఇదంతా అన్నయ్యకి చెప్పలేదు. "ఒప్పుకున్నాడు మామా" అన్నాడు, అంతే. అన్నయ్య ఆ పూట దుప్పటిలోంచి చెయ్యి బయటికి పెట్టి, వాడి మొహం తడిమాడు, గుడ్డివాళ్ళు తడిమినట్టు.

ఎక్కడున్నాం? ఆఁ. ఆ ఆకు కాడలు ఇలా పడెయ్యి. ఇక్కడి నించి చెప్పడం నాకూ కష్టం, నీకూ వినడం కష్టం. మీ అమ్మ. మర్లియా. మీ నాన్న ఏరి కోరి చేసుకున్నాడు. నవ్వితే చిగుళ్ళు కనపడేవి, అది దాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నువ్వూ అంతే చేస్తావు, ఇందాక చూశాను. నువ్వు పుట్టడం బాగానే పుట్టావు. ఆ తరవాత రక్తం ఆగలేదు. మంత్రసాని తనకి తెలిసిందంతా చేసి, ఇక నావల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అంది. అప్పట్లో ఇక్కడికి రోడ్డేదీ? ఏరే దారి. పడవలో మీ అమ్మని పడుకోబెట్టారు, నేను నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, మీ నాన్న తెడ్డు వేస్తున్నాడు. మంచి ఎండ, ఏరు అద్దంలా ఉంది. రేవు ఇంకా కనపడక ముందే ఆవిడ వెళ్ళిపోయింది. నేను చెప్పలేదు మీ నాన్నకి. వాడికి తెలుసు, నాకూ తెలుసు, అయినా వాడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు, రేవు దాకా.

అన్నయ్య ఓదార్చడానికి వెళ్ళాడు. అక్కడే ఉన్నాను నేను. చెప్పాల్సిన మంచిమాటలన్నీ చెప్పాడు, దేవుడి నిర్ణయం అన్నాడు, పసిదాన్ని చూసుకోవాలి అన్నాడు. వాడు చాలాసేపు విని, ఒక్క మాట అడిగాడు. "మామా, దీనికి కలో ఎవరి ముందు పెట్టమంటావు?" అంతమంది తగవులు తీర్చిన అన్నయ్య లేచి, తలగుడ్డ సర్దుకుని మెట్లు దిగాడు. దారిలో నాతో అన్నాడు, "వాడు అడిగింది తప్పు కాదు" అని. నాకనిపిస్తుంది, ఆ రోజే వాళ్ళిద్దరి మధ్యా ఏదో తెగింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. పండక్కి వచ్చేవాడు, చెయ్యి ముద్దు పెట్టుకునేవాడు, నా చేతి సినోంగ్గి తినేవాడు. కానీ మాటలు తగ్గిపోయాయి. ఆ తరవాత ఓట్లలో నిలబడి ఊరికి పెద్దయ్యాడు. గెలుస్తాడు మరి, ఎవడింటికెళ్ళినా వాడి బాధ వాడికంటే బాగా చెప్తాడాయె. రోడ్డు కోసం తిరిగాడు కెండారి పట్నంలో ఆఫీసుల చుట్టూ, పాపం, చెప్పులరిగేలా తిరిగాడు. ఏ ఆఫీసులో అడిగినా, చూద్దాం, చేద్దాం. నిన్ను మీ అత్త దగ్గర పెట్టి చదివించింది కూడా అందుకే, ఇక్కడ జబ్బు చేస్తే దిక్కు లేదని.

అప్పుడొచ్చింది కంపెనీ. మన వెనక ఎర్రకొండలో నికెల్ ఉందట. కొండ తవ్వాలంటే మట్టి పొయ్యడానికీ, లారీలు దిగడానికీ కింద చిత్తడిలో ఉన్న సాగో వనం కావాలి. వనం ఎవరి ఒక్కడిదీ కాదు, ఊరందరిదీ. మా తాతల సమాధులు దాని అంచునే ఉండేవి. వాళ్ళు రోడ్డేస్తామన్నారు, ఆసుపత్రి కట్టిస్తామన్నారు, పిల్లలకి ఉద్యోగాలన్నారు. ఊరు నిలువునా రెండుగా చీలింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. వనం వదులుకోవాలంటే ఆచారం చూసే పెద్ద మాట ఇవ్వాలి, అంటే అన్నయ్య. ఆయన ఇవ్వలేదు. కంపెనీవాళ్ళు వచ్చారు, బిస్కెట్ల డబ్బా పెట్టారు, పట్టించుకోలేదు. పోలీసాయన వచ్చాడు, వినయంగానే మాట్లాడి వెళ్ళాడు. "సాగో నరికితే మళ్ళీ మొలుస్తుంది, దాన్ని పూడిస్తే ఏం మొలుస్తుంది" అని అదే మాట అందరికీ చెప్పేవాడు. జుమ్రాన్ కూడా వచ్చాడు, ఉత్త చేతులతో, బతిమాలాడు. అన్నయ్య వినేవాడు. "నువ్వు చెప్పింది నిజమే, ఇంకా ఏముందో చెప్పు" అనేవాడు. ఒప్పుకునేవాడు కాదు.

ఒక రోజు పొద్దున్న, నేను గుడ్డలు ఆరేస్తున్నాను, చూద్దును కదా, మీ నాన్న వస్తున్నాడు. నల్లబట్టలు, తలగుడ్డ, వెనకాల ఇద్దరు పెద్దమనుషులు. చేతుల మీద చాప, దాని మీద మడత పెట్టిన తెల్లగుడ్డ. గోడ వెనక్కి పరిగెత్తాను. అన్నయ్య ఆల్చిప్పలు తింటున్నవాడు చేతులు కడుక్కుని, నిటారుగా కూర్చున్నాడు. జుమ్రాన్ మెట్ల దగ్గర ఆగాడు, ఎక్కడ ఆగాలో అక్కడే. తల వంచాడు, జరిగాడు, మళ్ళీ వంచాడు. చాప పరిచాడు. గుడ్డ విప్పాడు. కలో పెట్టాడు. ఆ కలో అన్నయ్య పేని ఇచ్చిందే. రెండు చేతులతో ముందుకి జరిపి, చెప్పాల్సిన మాటలు మొదలెట్టాడు. ఎంత బాగా చెప్పాడో తల్లీ. కోపంలో ఉన్నా నాకు వినబుద్ధేసింది. ముందు అన్నయ్య వాదన చెప్పాడు, వనం గురించి, సమాధుల గురించి, అన్నయ్య ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. తరవాత ఊరి వాదన. ఆఖరున, "ఊరి తరఫున అడుగుతున్నాను మామా, వనం వదిలిపెట్టు" అన్నాడు.

అన్నయ్య అన్నాడు, "ఊరి తరఫునా, నీ తరఫునా?" అలా అడక్కూడదు. కలో కింద పెట్టాక ఎందుకొచ్చావని అడిగే ఆచారం లేదు. అది ఆయనకి తెలీదా? అయినా అడిగాడు. తీసుకొచ్చేవాడి చేతిలో సొంత పని ఉండకూడదని ఆయన చిన్నప్పటి నించీ వాడికి చెప్పిన మాట. జుమ్రాన్ తల ఎత్తలేదు. "మర్లియా తరఫున అనుకో" అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. గోడ వెనక నించే, వద్దను అన్నయ్యా, కాదను, అన్నాను. వచ్చిన పెద్దమనుషులు నా వైపు చూశారు. అన్నయ్య చూడలేదు. ఆయన మొహం నాకు పక్క నించి కనిపిస్తోంది. భయం లేదు, కోపం లేదు. వాన వెలిశాక పొలం ఎంత పోయిందో చూసుకునేవాళ్ళ మొహం ఉంటుంది చూడు, అలా ఉంది. చెయ్యి చాపాడు. కలోని తాకాడు. "ఒప్పుకున్నాను" అన్నాడు. అని, ఇంకా అన్నాడు, "గుడ్డ విప్పేటప్పుడు నీ చెయ్యి వణకలేదు జుమ్రాన్. ఎక్కడా తప్పు లేదు." మీ నాన్న అలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పెద్దమనుషులే చెరో పక్కా పట్టుకుని లేపారు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆయన్ని తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన, ఇంకా ఏముందో చెప్పు, అనలేదు ఈసారి. "నేను కాదంటే, రేపు ఇంకో తవూలో కాదంటాడు. తోంబిలే కాదన్నాడు, నాకేంటి అంటాడు. అప్పుడు కత్తికి అడ్డం ఏం పెడతారే?" అన్నాడు. వనం పోతే పోయింది, కలో ఉంటుందనుకున్నాడు. దాన్ని కాపాడటానికే ఇచ్చేశాడు తల్లీ. అది నువ్వు పాఠంలో చెప్పగలవా?

వనం పూడ్చేశారు. ఒక్కో చెట్టు పడుతుంటే నీళ్ళలో దభీమని చప్పుడు, ఇక్కడికి వినిపించేది. తరవాత వానలకి కొండ మట్టంతా కారి, ఏరు ఎర్రగా అయిపోయింది. ఆల్చిప్పలు చచ్చి తేలాయి, ఒడ్డంతా కంపు. సాగో కొనుక్కుంటున్నాం ఇప్పుడు, సంచుల్లో వస్తుంది, పుల్లగా ఉంటుంది. రోడ్డు వచ్చింది, లారీల కోసం. ఆసుపత్రి కట్టారు, అబద్ధమెందుకు, తెల్లగా రంగు కూడా వేశారు. డాక్టరు రాలేదు. తాళం తుప్పు పట్టింది. మీ నాన్న దాని ముందు నుంచుని ఉండేవాడు అప్పుడప్పుడు. నేను అటు వెళ్తూ చూసేదాన్ని. పిలిచేదాన్ని కాదు.

అయినా అంతటితో పోయినా బాగుండేది. కంపెనీ ఇచ్చిన నేల పంపకాల దగ్గర ఎగువన ఇద్దరు అన్నదమ్ములు కొట్లాటకి దిగారు. ఎవరో పరిగెత్తుకొచ్చి అన్నయ్యని లేపారు. అప్పటికాయన కర్ర లేనిదే నడవలేడు, అయినా కలో పట్టుకుని వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. ఇద్దరి చేతుల్లోనూ కత్తులు. అన్నయ్య మధ్యలో కూర్చున్నాడు, మోకాళ్ళు వంగకపోతే నేను పట్టుకుని కూర్చోబెట్టాను. గుడ్డ పరిచాడు, కలో పెట్టాడు. పెద్దవాడు చూశాడు. "ఇది కంపెనీది కదా ముసలోడా, దీన్ని పెట్టి అడిగితేనే కదా వనం ఇచ్చేశావు" అని కాలితో తన్నాడు. గట్టిగా కూడా కాదు, దారిలో కొబ్బరి చిప్ప తన్నినట్టు. అది వెళ్ళి బురదలో పడింది. అన్నదమ్ముల్లో చిన్నవాడు దాని వైపు చూశాడు, అలవాటు కొద్దీ. ఆ చూసిన క్షణంలోనే అన్న వాడి ఒంట్లో కత్తి దించాడు. చిన్నవాడు అన్నయ్య ఒళ్ళోనే పడ్డాడు. తెల్లగుడ్డ మీద. ఏం చూస్తున్నావు, నీళ్ళు కావాలా? సరే.

ఆ తరవాత ఆయన మెట్లు దిగలేదు. ఎవరో ఒకళ్ళిద్దరు ఇంకా పిల్లల్ని తెచ్చేవాళ్ళు, నేర్పమని. "నా దగ్గర ఏమీ లేదు" అని పంపేసేవాడు, విసుక్కోకుండానే. పిల్లలు ఆడుకోవడానికి వస్తే మాత్రం ఉండనిచ్చేవాడు. తినడం తగ్గించేశాడు. నేను పళ్ళెంలో మిగిలింది ఎత్తుతూ అనేదాన్ని, ఎవరు తినలేదో వాడికి లోపల మంట ఉందన్నావు కదా, చెప్పు, ఏంటో చెప్పు అని. నవ్వేవాడు. జుమ్రాన్‌కి కబురు పెట్టనా అని అడిగాను చివరి రోజుల్లో. కిటికీ వైపు తిరిగి, "వాడికి అన్నీ నేర్పాను. అడగడం నేర్పాను, ఒప్పుకోవడం నేర్పాను. ఎప్పుడు అడక్కూడదో నేర్పలేదు. నాకే తెలీదు" అన్నాడు. అదే ఆఖరి పెద్ద మాట. ఆ తరవాతవన్నీ నీళ్ళు, దుప్పటి, కిటికీ అంతే.

పోయినప్పుడు మీ నాన్న వచ్చాడు. పెద్దమనిషి పోతే కలో పెట్టి వీడ్కోలు మాటలు చెప్పాలి, సాగనంపడానికి వరస ఉంది దానికీ. ఆ వరస పూర్తిగా తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే, మెట్ల కింద నుంచున్నాడు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని. ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఎగువవాళ్ళు అడ్డంగా నుంచున్నారు, ఆ చచ్చిపోయిన చిన్నవాడి తల్లి అక్కడే కూర్చుంది. ఇంకెవరైనా చెప్తారేమోనని చూశారు. ఒక కుర్రాడు మొదలెట్టి, రెండో మాట దగ్గర ఆగిపోయాడు. ఇంకెవరికీ రాదు. ఇమామ్ గారు ప్రార్థన చేశారు, మోసుకెళ్ళిపోయారు. తన జీవితమంతా ఎవరెవరికో పరిచిన గుడ్డ, ఆయనకి పరిచేవాళ్ళు లేకపోయారు. మీ నాన్న గోరీ దాకా రాలేదు. రోడ్డు మీదే ఉండిపోయాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే వాడి పెదవులు కదులుతున్నాయి. ఆ మాటలే చెప్తున్నాడు, తల వంచుకుని, చేతులు ముందుకి చాపి, ఖాళీ చేతులు. లారీ వస్తే పక్కకి జరిగి, అది వెళ్ళాక మళ్ళీ మొదటి నించి చెప్పాడు. అంతే, ఆ తరవాత నెలలోనే ఊరు వదిలేశాడు.

ఏంటీ? వాణ్ణి అడిగితే నీ బడికి వచ్చి పిల్లలకి చెప్తాడేమోనా? పక్షవాతం వచ్చి మాట పోయిందని మొన్న కబురు పెట్టావు కదా. ఓహో, కొంచెం వస్తోందా. వస్తే ఏ మాట వస్తోంది? ఆ రోజు రోడ్డు మీద ఖాళీ చేతులతో చెప్పుకున్నవేనా?

సరే, చెప్పొద్దులే. ఆ డబ్బాలో చక్కెర ఉంది చూడు, చీమలు పట్టాయేమో.